నొప్పి అనే మాట లేని ఇల్లు

దేవుడు బిడ్డకు పళ్లకంటే ముందు ఏడుపును ఎందుకిచ్చాడు? ఈ అనుమానం చాలా ఏళ్లుగా నన్ను పట్టుకుని వేలాడుతోంది. పటం ముందు కూర్చుని ఆయన్నే అడిగాను. నవ్వి ఊరుకున్నాడు. ఈ మధ్య మా మనవరాలికి టీకా వేయించే వేళ వచ్చాక గానీ జవాబు దొరకలేదు. ఏడుపంటూ ఉంటేనే కదా, దాన్ని ఆపడానికి పెద్దవాళ్లు 'ప్రిపరేషన్' అనే మహత్తరమైన విద్యను కనిపెట్టేది!

అవును, పాఠకులారా! టీకాకు ముందు పిల్లల్ని మానసికంగా సిద్ధం చేయడం ఈ కాలానికి దొరికిన వరం. కాదన్నవాళ్లు మా ఇంటికొచ్చి ఒక్క పూట ఉండి చూడండి. కాకపోతే మీ నొప్పులన్నీ చెప్పులతో పాటు గుమ్మం బయటే వదిలి రావాలి.

ఎందుకంటారా? పిల్లల ముందు 'సూది' అనకూడదని, 'నొప్పి' అసలే అనకూడదని మా అల్లుడు ఎక్కడో చదివాడు. ఆ రోజే ఆ రెండు మాటల్నీ ఇంట్లోంచి బహిష్కరించాడు. మా అమ్మాయి కూడా సరేనంది. ఇంతకీ మనవరాలికి నాలుగు దాటి ఐదు నడుస్తోంది. నోరు క్షణం ఊరుకోదు గనక 'గిలక' అని పిలుస్తాం.

ఆనాటి నుంచి మా ఇల్లు స్వర్గమైపోయిందంటే నమ్మండి! మా ఆవిడ నా చొక్కాకి గుండీ కుట్టబోతూ, "ఏమండీ, ఆ బెజ్జమున్నది ఇలా ఇవ్వండి" అంది. జల్లెడ తెచ్చి ఇచ్చాను. అల్లుడు ప్లాస్టిక్ బొమ్మ ఇటుక మీద కాలేసి "అబ్బా..." అని మొదలుపెట్టి, పిల్ల వైపు చూసి, "ఎంత బాగుందో!" అని ముగించాడు. కళ్ల నిండా నీళ్లు. ఆనందబాష్పాలు కాబోలు!

ఇక నా మోకాలు. పొద్దున్నే దాని సంగతి దేవుడికి విన్నవించుకోవడం నాకు అలవాటు. గిలక పక్కన కూర్చుంటే ఎలా? "స్వామీ, కుడి మోకాలి విషయం తమకు తెలిసిందే" అని ఆఫీసు అర్జీలా ముగించేవాణ్ణి. ఆయనకు ఎంత సమయం కలిసొచ్చిందో ఆలోచించండి!

ఆపైన రిహార్సల్స్. బొమ్మ సిరంజి ఉన్న డాక్టరు పెట్టె ఒకటి కొన్నారు. గిలక తెల్ల తువ్వాలు నెత్తికి చుట్టుకుని నర్సు అయింది. రోగిగా ఉండనంటే ఉండనంది. పోనీలే, ఉత్సాహంగా ఉందిగా అనుకున్నాం. రోగులం మేమే. సోఫాలో వరసగా కూర్చుని చేతులు మడిచేవాళ్లం.

"పువ్వు వాసన చూసినట్టు పీల్చండి. కొవ్వొత్తి ఊదినట్టు వదలండి" అనేది. పీల్చేవాళ్లం, ఊదేవాళ్లం. కసుక్కున పొడిచేది. "ఏమీ తెలియలేదమ్మా!" అని అందరం ఒక్క గొంతుతో అనేవాళ్లం.

కుళాయి బాగుచేయడానికి వచ్చిన ప్లంబరు సింకు కింద దూరి ఉండగా అతన్నీ పొడిచింది. "అమ్మో, నొ..." అనబోయాడు పాపం. అల్లుడు అతని నోరు మూసేశాడు. ఆ తర్వాత ప్లంబరు మా ఫోను ఎత్తడం మానేశాడు. కుళాయి కారుతూనే ఉంది. కానీ పిల్ల మనసు ముఖ్యమా, కుళాయి ముఖ్యమా?

అసలు రోజు రానే వచ్చింది. ఇంటిల్లిపాదీ క్లినిక్‌కి వెళ్లాం. నర్సమ్మ పిలవగానే గిలక చకచకా లోపలికి నడిచింది. కంట్లో చుక్క నీరు లేదు! అల్లుడు నావైపు గర్వంగా చూశాడు. పిల్ల నేరుగా వెళ్లి నర్సమ్మ కుర్చీ ఎక్కి కూర్చుంది. దూది చేతిలోకి తీసుకుంది.

"చెయ్యి మడిచి ఇలా కూర్చోండి" అంది నర్సమ్మతో.

"నేనా?" అని ఆవిడ మా వైపు తిరిగింది. "ఏవండీ, టీకా ఎవరికి?"

మేం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఇంత సన్నాహంలో, టీకా ఆ పిల్లకేనని ఎవ్వరమూ చెప్పలేదు!

"మీరు చెప్పలేదూ?" అంది మా అమ్మాయి.

"మరీ ముందు చెబితే భయపడుతుందని రాశారు. చివర్లో చెబుదామని..." అని నసిగాడు అల్లుడు.

"ఇంతకంటే చివర ఎక్కడుందండీ?"

గిలక చేతిలో దూది జారిపోయింది. "నాకా?" అంది. వాళ్ల నాన్నను చూసింది, అమ్మను చూసింది, అమ్మమ్మను చూసింది. ముగ్గురూ పువ్వు వాసన చూస్తున్నారు. చివరికి నా దగ్గరకొచ్చి, చొక్కా పట్టి కిందికి లాగి, చెవిలో అడిగింది.

"తాతయ్యా, మనింట్లో అనకూడదు కదా, ఆ మాట... అది పుడుతుందా?"

వెనక నుంచి అల్లుడు వద్దని చేతులూపుతున్నాడు. 'ఏమీ తెలియదమ్మా' అంటే చాలు, గండం గట్టెక్కుతుంది. కానీ మరుక్షణమే అది అబద్ధమని పిల్లకు తెలిసిపోతుంది. ఆ తర్వాత చీకట్లో ఏమీ లేదన్నా, సాయంత్రానికి వచ్చేస్తానన్నా నన్ను నమ్ముతుందా? రోజూ దేవుడి ముందు కూర్చునేవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని కూర్చోను?

"పుడుతుంది తల్లీ" అన్నాను. "కాసేపే. తర్వాత పోతుంది."

"ఏడవొచ్చా?"

"గట్టిగా ఏడువు. నేనిక్కడే ఉంటా."

"సరే" అని వచ్చి నా ఒళ్లో కూర్చుంది. సూది దిగగానే క్లినిక్ కప్పు ఎగిరిపోయేలా ఏడ్చింది. నర్సమ్మ దూది అద్దేలోపే ఆపేసి, "అయిపోయిందా? ఇంతేనా?" అంది.

చూశారా, ప్రిపరేషన్ మహిమ! ఉన్నమాట ఒక్కటి పైకి అనడానికి పెద్దవాళ్లం మాకు వారాల తరబడి తర్ఫీదు కావాల్సి వచ్చింది. వినడానికి పిల్లకు ఏ తర్ఫీదూ అక్కర్లేకపోయింది.

బయటికొస్తే అల్లుడు మెట్ల మీద కూలబడి ఉన్నాడు. మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది.

"ఏమైంది బాబూ?"

"నా చిన్నప్పుడు చాక్లెట్ కొనిపెడతామని చెప్పి తీసుకెళ్లారండీ, మామయ్యగారూ. తలుపు తెరిచేదాకా అది చాక్లెట్ల కొట్టే అనుకున్నాను."

"మరి తర్వాతైనా కొనిపెట్టారా?"

"లేదండీ. ఇంతవరకూ లేదు" అన్నాడు.

పక్కనే చిన్న కొట్టుంది. వెళ్లి అందులో అన్నిటికంటే పెద్ద చాక్లెట్ తెచ్చి అతని చేతిలో పెట్టాను. గిలక వచ్చి మెట్టు మీద వాళ్ల నాన్నను ఆనుకుని కూర్చుంది.

"నాన్నా, నాకు కొంచెం?"

"ఇది నాది" అన్నాడు అల్లుడు, కాగితం విప్పుతూ.