మూడింటి పూత

అధికారి వచ్చి చూసేదాకా వరి పువ్వు విచ్చుకోకూడదన్న ఉత్తర్వు సోమవారం రాజులమ్మ మడికి అందింది. మడి వేలిముద్ర వేసి తీసుకుంది.

ఉత్తర్వులో అన్యాయమేమీ లేదు. వరికి లోపల ఓ గడియారం ఉంటుంది. అది పదింటికి పువ్వు విప్పమంటుంది, పన్నెండు లోపే మూసేయమంటుంది. పైరు సమయపాలన శాఖ అధికారి జగ్గునాయుడి జీపు మూడింటికి గానీ ఆ ఊరు రాదు. అధికారి చూడని పూత రికార్డుకెక్కదు, రికార్డులో లేని పైరుకు కాలువ నీళ్లివ్వరు. జీపు వేళ మార్చాలంటే పైనుంచి అనుమతి రావాలి కనుక వరి వేళ మార్చారు. సూర్యుడు వరమిచ్చినా జగ్గునాయుడు ఇవ్వొద్దూ మరి!

తాతల కాలం నుంచీ పదింటికే పూస్తున్నామని పైరు సంజాయిషీ రాసుకుంది. ఆధారాలు జతచేయలేదని దాన్ని తిప్పి పంపారు. సాయంత్రం పూసే అలవాటున్న చంద్రకాంత మొక్కనొకదాన్ని శిక్షణ కోసం డెప్యుటేషన్ మీద తెచ్చి గట్టున నాటారు.

"బాబూ, పువ్వు ఒక్కసారే ఇచ్చుకుంటాది. ఎండెక్కితే పుప్పొడి సచ్చిపోద్ది, గింజ కట్టదు," అంది రాజులమ్మ. ఎనభై సెంట్ల ఆ మడి తప్ప ఆమెకు ఏడాది తిండికి వేరే దారి లేదు.

"గింజ సంగతి మా శాఖది కాదమ్మా. మేం వేళ మటుకే చూస్తాం," అన్నాడు జగ్గునాయుడు.

గురువారం పది గంటలైంది. వెన్నుల్లో పువ్వులన్నీ బిగబట్టుకుని వణుకుతున్నాయి. ఒక్కటి విచ్చుకున్నా శాఖవాళ్లు గట్టు మీద కాపలా పెట్టిన బంట్రోతు రాసుకుంటాడు, నీళ్లు పోతాయి. విచ్చుకోకపోతే గింజ పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

పదకొండైంది. "ఇచ్చుకోయే తల్లీ," అని రాజులమ్మ గొణిగింది.

బంట్రోతు తలెత్తాడు. "ఏటన్నావు?"

"ఏటీ నేదు బాబూ."

భయం వేసి మళ్లీ అనలేదు. ఆ అనకపోవడానికి తర్వాత చాలా రోజులు సిగ్గుపడింది.

జీపు నాలుగుంబావుకు వచ్చింది. పువ్వులన్నీ ఒక్కసారిగా విచ్చుకున్నాయి. జగ్గునాయుడు వాచీ చూసుకుని, మూడు గంటలని రాసుకున్నాడు.

నెల తిరిగింది. గింజ నిండిన వెన్ను తల వంచుతుంది. రాజులమ్మ మడిలో ఒక్కటీ వంచలేదు, అన్నీ తాలే. పైరంతా నిటారుగా నిలబడ్డందుకు మెచ్చుకుంటూ శాఖ నుంచి క్రమశిక్షణ పత్రం వచ్చింది. ఆమె దాన్ని ఖాళీ గాదెకు అంటించింది.

వారం తిరక్కుండా ఇంకో ఉత్తర్వు వచ్చింది. రేషను డిపో సాయంత్రం తెరుస్తారు కనుక ఆకలి కూడా సాయంత్రమే వేయాలి. రాజులమ్మ కడుపు వేలిముద్ర వేసి తీసుకుంది. వచ్చినవాళ్లు గట్టు మీది చంద్రకాంతను తెచ్చి ఆమె గుమ్మం పక్కన నాటి వెళ్లారు.

మర్నాడు పొద్దున్న గంజి తాగే వేళకు కడుపులో ఏదో బిగబట్టుకుని వణికింది. రాజులమ్మ గుమ్మం వైపు చూసింది. చంద్రకాంత మొగ్గలు ముడుచుకునే ఉన్నాయి.

ఆమె కడుపు మీద చెయ్యి వేసుకుంది.

"ఉండే తల్లీ," అంది. "ఇంకా వేళవనేదు."