అరవై సెంటీమీటర్ల గుమ్మం

ఆ ఉదయం షియోరీ పథకం చాలా చిన్నది. జపాన్‌లోని సెందాయ్ యూనివర్సిటీ హాల్లో నలభై మందిని మూడు వెడల్పుల గుమ్మాల గుండా నడిపించి, టైము కొలిచి, జూడో జట్టు వచ్చే పన్నెండింటికల్లా ఖాళీ చెయ్యాలి. గుమ్మం ఇరుకైతే నడక నెమ్మదిస్తుందన్నది ఆమె థీసిస్. ఇప్పటికే రెండుసార్లు గడువు పెంచిన ప్రొఫెసర్ కురొయివా, మూడోసారి అడిగితే డిగ్రీ మర్చిపొమ్మన్నారు.

స్టూడెంట్లంతా పరీక్షల్లో ఉండటంతో పక్క పేట వృద్ధుల సంఘాన్ని పిలిచింది. గుమ్మంగా నిలబెట్టిన చెక్క చట్రం ఊగుతోందని కింద అడ్డంగా ఒక పలక కొట్టింది. అవతల ఎవరూ జారిపడకుండా తివాచీ పరిచింది. కొంప మునిగింది అక్కడే. ఆమెకది ఆసరా చెక్క, వచ్చినవాళ్లకు గడప.

మొదట నూట ఇరవై సెంటీమీటర్లు. షియోరీ ఈల వేసింది. సంఘం అధ్యక్షురాలు, ఎనభై ఒక్కేళ్ల ఫుమి గారు పలక దాకా వచ్చి ఆగి, ఇంట్లోకి వెళ్లేటప్పటిలాగే బూట్లు విప్పి, వాటి ముందు కొసలు బయటివైపు తిప్పి పెట్టింది.

"లోపలికొస్తున్నాం తల్లీ, ఏమీ అనుకోకు."

"బామ్మగారూ, విప్పక్కర్లేదు! ఇది ఇల్లు కాదు, ఉత్త చట్రం!"

"బూట్లతో తివాచీ తొక్కమంటావా? మా అమ్మ పైనుంచి దిగొచ్చి తంతుంది."

షియోరీ తివాచీ లాగేసింది. అప్పటికే బూట్లు విప్పినవాళ్లు చల్లని సిమెంటు మీద గెంతడం మొదలెట్టారు. ఆమె పరిగెత్తి అంతస్తులో దొరికిన స్లిప్పర్లన్నీ పట్టుకొచ్చింది, మరుగుదొడ్డివి కూడా. ఇప్పుడు గడప దగ్గర రెండు పనులు: బూట్లు విప్పడం, స్లిప్పర్లు తొడగడం. వెడల్పాటి గుమ్మం కదా, ముగ్గురేసి పక్కపక్కన నిలబడి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, మోకాళ్ల నొప్పులు చర్చించుకున్నారు.

"మీ ఎడమదా, కుడిదా?" అన్నాడు రిటైర్డ్ హెడ్మాస్టరు జెన్‌జో.

"వానొస్తే రెండూనండీ," అంది ఫుమి గారు తీరిగ్గా.

పదకొండు నిమిషాలు పట్టింది. మళ్లీ బయటికెళ్లి బూట్లు తొడుక్కుని వచ్చారు, తొంభై సెంటీమీటర్లకు ఏడు. ఇక అరవైకి ఒక్కరే పడతారు. వెనక అందరూ చూస్తున్నారు. వెనకవాళ్లను ఆపుతామన్న సిగ్గుతో ప్రతివాళ్లూ వరసలోనే లేసులు వదులు చేసుకున్నారు. జెన్‌జో అయితే దాదాపు ఎగిరాడు. నాలుగు నిమిషాలు!

పదకొండున్నరకు ప్రొఫెసర్ వచ్చారు. గడప ముందు బూట్ల వరస చూసి, ఏమీ ఆలోచించకుండా తనవీ విప్పి లోపలికొచ్చారు.

"సార్, గుమ్మం ఇరుకయ్యేకొద్దీ వేగం పెరుగుతోంది. నా థీసిస్ తలకిందులైంది," అంది షియోరీ, ఏడుపు ఆపుకుంటూ.

ఆయన అంకెలు చూశారు. గడప చూశారు. తన సాక్సులు చూసుకున్నారు.

"నేనెందుకు విప్పాను?"

"అందరూ విప్పారు కదా సార్."

"అదే! నువ్వు కొలిచింది గుమ్మాన్ని కాదమ్మాయ్, వెనకవాళ్ల చూపుని. ఇంతవరకూ దీన్ని ఎవరు కొలిచారు? మళ్లీ రాయి. మూడు నెలలు ఇస్తున్నా."

షియోరీ నడుం వంచి దణ్ణం పెట్టి లేచేసరికి వృద్ధుల సంఘం బస్సెక్కేసింది. గడప ముందు, ప్రొఫెసర్ బూట్లు తొడుక్కుపోయిన హెడ్మాస్టరు గారి చిన్న సైజు బూట్లు మాత్రమే మిగిలాయి. ప్రొఫెసర్ పాదం వాటిలో సగం కూడా దూరలేదు.

పన్నెండింటి డీన్ మీటింగుకు ఆయన మరుగుదొడ్డి స్లిప్పర్లతో వెళ్లారు. ఆ రోజు నమోదైన అత్యధిక వేగం అదే.