ఉయ్యాల కింద ట్యూబు

ఆ ఆదివారం పొద్దున ఇర్ఫానా పెట్టుకున్న పని ఒక్కటే, తలస్నానం. చాలా రోజులుగా ఆమెకి ఆ వీలు చిక్కలేదు. ఏడో నెల నడుస్తున్న కొడుకు యూనస్‌కి పళ్ళు వస్తున్నాయి. కింది చిగురు ఎర్రగా ఉబ్బింది. వాడు చొంగ కారుస్తూ, చేతికందిన ప్రతిదాన్నీ కొరుకుతూ, ఎవరెత్తుకున్నా ఏడుస్తున్నాడు. ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పే ఇర్ఫానా ఆ వారం బోర్డు మీద లెక్క చేస్తూ చేస్తూ నిలబడే కునికింది. పిల్లలు ఆమెని లేపకుండా, కిక్కురుమనకుండా కూర్చున్నారు.

జగ్గయ్యపేటలో వాళ్ళ ఇంటి ముందు గదిలోనే మామగారు బుడే సాహెబ్ పరుపుల కొట్టు. కొట్టుకి వచ్చినవాళ్ళు పిల్లాడి ఏడుపు విని తలా ఒక వైద్యం చెప్పి వెళ్ళేవాళ్ళు. ఒకరు చిగుళ్ళకి తేనె రాయమన్నారు. ఇంకొకరు మెడలో పూసల దండ వెయ్యమన్నారు. అత్తగారు సుభాన్‌బీ లవంగ నూనె సీసా పట్టుకొచ్చింది. ఇర్ఫానా అన్నిటికీ వద్దనే చెప్పింది. టీకా కోసం నందిగామ వెళ్ళినప్పుడు పిల్లల డాక్టరు గీతాంజలి ఆమెని ముందే హెచ్చరించింది. చిగుళ్ళని మొద్దుబార్చే జెల్లు పసివాళ్ళకి రాయకూడదట. గొంతు తిమ్మిరెక్కి పాలు పొలమారతాయి, ఒక్కోసారి రక్తంలో ఆక్సిజన్ తగ్గి పెదాలు నీలంగా మారి ప్రాణం మీదికొస్తుందట. ఇర్ఫానా ఆ మాటని పాఠంలా ఇంట్లో అందరికీ అప్పజెప్పింది.

ఆ పొద్దున యూనస్ ఎట్టకేలకు ఉయ్యాలలో కాస్త నెమ్మదించాడు. అత్తగారు వంటింట్లో ఉంది. భర్త ఆరిఫ్ వీధిలో కారు కడుగుతున్నాడు. అతను కారు అద్దెకి తిప్పుతాడు. ఆ రోజు పెనుగంచిప్రోలులో ఒక కుటుంబాన్ని ఎక్కించుకుని విజయవాడ తీసుకెళ్ళాలి. ఇర్ఫానా ఉయ్యాల తాడు మామగారి చేతిలో పెట్టి స్నానానికి వెళ్ళింది.

తలకి షాంపూ రుద్దుకుంటుండగా, ఇంట్లో చప్పుడే లేదన్న సంగతి ఆమెకి తట్టింది. ఏడుపు లేదు. ఉయ్యాల కిర్రుమనడం లేదు. ఇన్నాళ్ళూ కోరుకున్నది అదే అయినా ఆమె చెంబు కింద పెట్టేసింది. నైటీ తగిలించుకుని, నురగ తలతోనే బయటికి వచ్చింది.

ఉయ్యాల దగ్గర ఎవరూ లేరు. యూనస్ నోరు తెరుచుకుని పడుకున్నాడు. వాడి పెదాలు ఊదారంగు కలిసిన నీలంలో ఉన్నాయి. ఉయ్యాల కింద నేల మీద ఒక చిన్న ట్యూబు పడి ఉంది. అడుగు నుంచి చుట్టచుట్టి చివరి బొట్టు దాకా పిండేశారు దాన్ని. దాని మీద నవ్వుతున్న పాప బొమ్మ ఉంది. మొద్దుబార్చే మందు పేరు కూడా ఉంది.

ఇర్ఫానా ఒక చేత్తో ట్యూబు తీసి, కొడుకుని చటుక్కున ఎత్తుకుంది. వాడు కళ్ళు తెరవలేదు. తల ఆమె భుజం మీద వాలిపోయింది. వంటింట్లోంచి వచ్చిన సుభాన్‌బీ, కోడలి చేతిలో ఉన్నదేమిటో చూసి అక్కడే ఆగిపోయింది.

"ఇది ఎవరు తెచ్చారత్తయ్యా?"

"నేనే తెచ్చా, బ్రహ్మయ్య మందుల షాపులో. ఒక్కసారే రాసా, వేలి కొసతో. వాడు మొహం అదోలా పెడితే భయమేసి బియ్యం డబ్బా వెనక దాచేసా. అల్లా సాక్షిగా ఒక్కసారేనమ్మా."

"ఇది ఖాళీగా ఉంది."

సుభాన్‌బీ ట్యూబుని చూసింది, మనవడి పెదాలని చూసింది. కోడలి పాఠం ఆమె కూడా విన్నదే.

అప్పుడు బుడే సాహెబ్ పెరట్లోంచి మూతి తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. యూనస్‌కి మీరేమన్నా రాశారా అని ఇర్ఫానా అడిగింది. ఆయన చెప్పబోయాడు. నోట్లోంచి మాట రాలేదు. నాలుక మడతపడి, ముద్దముద్దగా ఏదో శబ్దం వచ్చింది. కింది పెదవి ఒక పక్కకి వేలాడుతోంది. దాని చివర నుంచి చొంగ చొక్కా మీదికి కారుతోంది. ఆయన ట్యూబుని చూపించాడు, తన నోరు చూపించాడు, పిల్లాడిని చూపించి చెయ్యి అడ్డంగా ఊపాడు. అది చూసిన అత్తాకోడళ్ళిద్దరికీ అర్థమైంది ఒకటే. పిల్లాడి నోట్లో అంతా రాసేశాడు, పిల్లాడు ఇక లేడనుకుంటున్నాడు, ఆ దిగులుతో ఈయనకీ పక్షవాతం వచ్చింది.

"ఆయన మూతి వంకరపోయింది," అంది సుభాన్‌బీ సన్నగా.

ఆరిఫ్ నీళ్ళ పైపు వీధిలో వదిలేసి వచ్చాడు. డాక్టరు గీతాంజలి ఫోన్ ఎత్తింది. పెదాల రంగు విని, ఆలస్యం చెయ్యకుండా బయలుదేరమంది. ఆదివారం కాబట్టి ఊళ్ళో ఏ డాక్టరు ఉన్నాడో, ఏ డాక్టరు లేడో వెతికే కన్నా హైవే ఎక్కితే నయమనుకున్నారు. అందరూ కారెక్కారు. పెనుగంచిప్రోలు కుటుంబం సంగతి ఎవరికీ గుర్తు లేదు.

ముందు సీట్లో కూర్చోబెట్టిన బుడే సాహెబ్ దారి పొడుగునా ఏదో చెప్పాలని చూస్తూనే ఉన్నాడు. ఆయన నోరు తెరిచినప్పుడల్లా సుభాన్‌బీ వెనక సీట్లోంచి వంగి చేత్తో మూసేసింది. మాట్లాడితే నరాలు చిట్లుతాయని ఆమె ఎక్కడో విన్నది. ఆయన అద్దం మీద వేలితో రాయబోయాడు. ఆరిఫ్ అప్పుడే శుభ్రంగా కడిగిన అద్దం అది. ఒక్క అక్షరం కూడా నిలవలేదు.

ఇర్ఫానా కొడుకు ముక్కు దగ్గర వేలు పెట్టి కూర్చుంది. ఊపిరి తగులుతోంది, అంతలోనే తగలడం లేదనిపిస్తోంది. షాంపూ నురగ ఆరి ఆమె జుట్టు అట్టకట్టింది. చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర లారీల వెనక కారు ఆగిపోయినప్పుడు, ఆమె అత్తగారి వైపు తిరక్కుండానే అంది.

"వీడికేమన్నా అయితే మీ మొహం మళ్ళీ చూడనత్తయ్యా. మీ శవం కూడా చూడను."

బుడే సాహెబ్ కళ్ళలోంచి నీళ్ళు కారాయి. అది కూడా పక్షవాతం లక్షణమేనని సుభాన్‌బీ అనుకుంది.

ఆమె నందిగామలో కాపురముంటున్న కూతురు జాకియాకి ఫోన్ చేసింది. పిల్లాడు కళ్ళు తెరవడం లేదని, నాన్నకి మాట పోయిందని చెప్పి ఏడ్చింది. జాకియా ఆస్పత్రికి పరుగెడుతూ వత్సవాయిలో ఉన్న మేనమామకి ఫోన్ చేసింది. మధ్యలో సిగ్నల్ తెగింది. "నాన్నకి మాట పోయింది" అన్న దాంట్లోంచి మాట ఎగిరిపోయింది. ఆయనకి వినబడింది నాన్న, పోయింది, అంతే. మిగతాదంతా ఏడుపు. వత్సవాయి మామ కంగారు పడే మనిషి కాదు. చుట్టాలలో ఎవరు పోయినా జరగాల్సినవన్నీ దగ్గరుండి జరిపించేది ఆయనే. తిరిగి ఫోన్ చేసి దుఃఖంలో ఉన్న పిల్లని ఇబ్బంది పెట్టడమెందుకని, నేరుగా పనిలోకి దిగాడు.

నందిగామలో డాక్టరు గీతాంజలి పిల్లాడిని బల్ల మీద పడుకోబెట్టింది. కాలి వేలికి క్లిప్పు తగిలించింది, ఛాతీ విన్నది. తర్వాత తడి దూదితో వాడి పెదాలు తుడిచింది. దూదికి ఊదారంగు అంటుకుంది. మళ్ళీ తుడిచింది. కింద గులాబీరంగు పెదవి బయటపడింది. ఆమె దూదిని వాసన చూసింది.

"నేరేడు పండు పెట్టిందెవరు?"

చల్లటి దూది తగిలి యూనస్ మేలుకున్నాడు. కొత్త మనుషులని చూసి ఆస్పత్రి దద్దరిల్లేలా ఏడ్చాడు. ఆ ఏడుపు వింటూ ఇర్ఫానా నేల మీదే కూర్చుండిపోయింది. అన్ని రోజుల నిద్రలేమికి వాడు అలిసి సొమ్మసిల్లినట్టు పడుకున్నాడే తప్ప ఇంకేమీ లేదని డాక్టరు చెప్పింది. ఆక్సిజన్ మామూలుగానే ఉంది. మందు వాసన వాడి నోట్లో లేనే లేదు.

మరి ట్యూబు ఎవరు ఖాళీ చేశారు? అందరూ బుడే సాహెబ్ వైపు చూశారు. డాక్టరు ఆయన్ని రెండు చేతులూ ఎత్తమంది. ఎత్తాడు. కళ్ళు గట్టిగా మూయమంది. మూశాడు. ఆయనకి పక్షవాతం లేదని, పిల్లాడి మందుతో నోరంతా మొద్దుబారిందని తేలింది. ఈపాటికి తిమ్మిరి వదులుతోంది. ఆయన మాటలు కూడదీసుకుని, నేరేడు పండు కూడా తనదేనన్నాడు. గింజ తీసి, గుజ్జు వేలికి రాసి నాకించాడట.

జాకియా మొహం కొంగుతో కప్పుకుని నవ్వింది. ఆరిఫ్ కూడా నవ్వాడు. డాక్టరు మాత్రం టార్చి వేసి ఆయన నోట్లోకి చూస్తూ చాలాసేపు ఉండిపోయింది. నవ్వులు వాటంతటవే ఆగిపోయాయి.

"ఈ పుండు ఎన్నాళ్ళ నుంచి ఉందండీ?"

చలికాలం నుంచి అన్నాడు. కొట్టులో దూది దుమ్ముకి గొంతు ఆరిపోతుందని ఆయన పడుచు వయసు నుంచీ బుగ్గన జర్దా పెట్టుకునేవాడు. అక్కడే మొదలైంది. మొదట మంట, తర్వాత నమలలేకపోవడం. బియ్యం డబ్బా వెనక ట్యూబు కనబడ్డాక, ఎవరూ చూడకుండా కాస్త కాస్త రాసుకుంటూ వచ్చాడు. ఈ పొద్దున నొప్పికి తట్టుకోలేక మిగిలిందంతా పిండుకున్నాడు.

"మాకెందుకు చెప్పలేదు నాన్నా?" అన్నాడు ఆరిఫ్.

"ఇంట్లో వీడి పళ్ళ గొడవే ఎక్కువైపోయింది కదరా. నాది కూడా ఎందుకని ఊరుకున్నా."

అలా మానని పుండుని వదలకూడదని, అది ఏదైనా కావచ్చునని డాక్టరు చెప్పింది. రేపే విజయవాడ వెళ్ళి ముక్క తీయించి పరీక్ష చేయించమంది. తనకి తెలిసిన సర్జన్‌కి అక్కడే ఫోన్ చేసింది. తర్వాత ఇర్ఫానాని పిలిచి పిల్లాడి సంగతి చెప్పింది. సబ్బుతో కడుక్కున్న వేలితో చిగురు నెమ్మదిగా రుద్దాలి. శుభ్రమైన తడిగుడ్డ ఫ్రిజ్‌లో చల్లబరిచి, దగ్గర కూర్చుని నమలనివ్వాలి. మరీ బాధపడితే పారాసిటమాల్ చుక్కలు, అవి కూడా బరువు చూసి తను చెప్పినంతే. ఒళ్ళు కాలేంత జ్వరమొస్తే పళ్ళ మీదికి తోసెయ్యకుండా తీసుకురావాలి. అంతకు మించి వైద్యమేమీ లేదంది. ఇర్ఫానా తలూపింది, కానీ ఆమె కళ్ళు వరండాలో ఒంటరిగా కూర్చున్న మామగారి మీదే ఉన్నాయి.

తిరుగు దారిలో ఆమె అత్తగారి పక్కనే కూర్చుంది. టోల్‌గేటు దాటాక, ఇందాక అన్న మాటకి ఏదో చెప్పబోయింది. సుభాన్‌బీ వినలేదు.

"ట్యూబు కొన్నది నేనేగా. పిల్లాడిని ఇటివ్వు, నువ్వు కాసేపు పడుకో," అంది.

ఇంటి ముందు షామియానా వేసి ఉంది. పరుపుల కొట్టు మూసి, దాని ముందు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేశారు. వాటి నిండా జనం. చెవిటికల్లు నుంచి వచ్చిన చుట్టాలు అప్పటికే ఏడ్చి, అలిసిపోయి టీలు తాగుతున్నారు. కారు ముందు తలుపు తీసుకుని పోయినాయన దిగాడు. ఒక ముసలామె చేతిలో గ్లాసు జారిపోయింది. మిగతావాళ్ళు నవ్వాలో, ఏడుపు కొనసాగించాలో తెలియక లేచి నిలబడ్డారు.

బుడే సాహెబ్ ఖాళీ కుర్చీ ఒకటి చూసుకుని కూర్చున్నాడు. వత్సవాయి మామ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. చాలాసేపు సిగ్నల్‌ని తిట్టాడు. చివరికి గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. ఖబరస్తాన్‌లో గొయ్యి కూడా తవ్వించాడు.

"ఎక్కడ?" అన్నాడు బుడే సాహెబ్.

"మీ నాన్న పక్కనే బావా. మంచి చోటు. మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు, పూడ్చెయ్యమంటా."

బుడే సాహెబ్ నాలుకతో బుగ్గ లోపల తడిమి చూసుకున్నాడు.

"ఉండనీలే. రేపు విజయవాడ వెళ్ళొచ్చాక చెప్తా."

వత్సవాయి మామ అది పరాచికమనుకుని నవ్వాడు. వెనక నిలబడ్డ ఆరిఫ్ మొహం చూశాక నవ్వు మింగేశాడు.

పరీక్షలో క్యాన్సరనే తేలింది. కానీ ఇంకా పాకలేదని, ఇంకొన్నాళ్ళు ఆ మొద్దుమందుతో నెట్టుకొచ్చి ఉంటే చేతులు దాటిపోయేదని సర్జన్ అన్నాడు. ఆపరేషన్ చేసి బుగ్గ లోపల కొంత, కింది దవడ పళ్ళు కొన్ని తీసేశారు. వత్సవాయి మామ ఎవరూ అడక్కుండానే వెళ్ళి గొయ్యి పూడ్పించి వచ్చాడు.

ఇంటికి వచ్చాక బుడే సాహెబ్‌కి చాలా రోజులు మాట లేదు. కావలసింది చేత్తో చూపించేవాడు. ఇర్ఫానా స్కూలుకి వెళ్ళేముందు, గాయం మండకుండా ఉప్పు తగ్గించి, ఆయనకి చెంచాతో జావ పట్టేది. ఆయన మింగలేక కక్కితే తుడిచి మళ్ళీ పట్టేది. యూనస్ పక్కనే చాప మీద తడిగుడ్డ నములుతూ తాతని చూస్తుండేవాడు. ఆయనకి మళ్ళీ మాట వస్తుందో రాదో డాక్టర్లు కూడా గట్టిగా చెప్పలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం సుభాన్‌బీ జావ పట్టిస్తోంది. ఆయన ఒక గుక్క మింగి, చెయ్యెత్తి ఆపాడు. పెదాలు కదిలించాడు. ఒకటి రెండుసార్లు గాలే వచ్చింది. తర్వాత మెల్లగా, వంటింట్లో ఉన్న ఇర్ఫానాకి కూడా తెలిసేంత స్పష్టంగా అన్నాడు.

"ఉప్పు తక్కువైంది."

సుభాన్‌బీ గిన్నె కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఉప్పు మాత్రం వెయ్యలేదు.