కాలు పెట్టిన చోటు

కంబదూరు దగ్గరి ఆ ఊళ్ళో రాత్రి మంచి వాన పడింది. తెల్లవారగానే గోవిందప్ప దేవుడికి దీపం పెట్టి, వేరుశనగ విత్తడానికి సిద్ధమయ్యాడు. పై వీధిలో ఉండే అతనికి ఉన్నది ఒకే ఎద్దు. కింది వీధి పుల్లన్నకూ ఒకటే. ఏటా రెండింటినీ ఒకే కాడికి కట్టి ఇద్దరి చేలూ విత్తుకుంటారు. ఊళ్ళో అందరిదీ ఇదే పద్ధతి: పై వీధి ఎద్దు ఒకటి, కింది వీధి ఎద్దు ఒకటి. ఎండ ముదిరితే నేలలో పదును ఆరిపోతుంది; మళ్ళీ వాన ఎప్పుడో ఆ దేవుడికే తెలియాలి.

ఎద్దు కోసం వెళ్తే పుల్లన్న రెండు వీధులూ కలిసే చావడి దగ్గర కనిపించాడు. ఊరంతా అక్కడే ఉంది. నిన్న సాయంత్రం ఓట్ల కోసం వచ్చిన నాయకుడు జీపు దిగిన చోట మన్ను తీసి నొసట పెట్టుకుంటున్నారు.

"ఆయప్ప కాలు పెట్టినాడు, వాన దిగొచ్చింది" అన్నాడు పుల్లన్న భక్తిగా.

గోవిందప్పకు నిజంగానే సందేహం వచ్చింది. "మబ్బు మధ్యాన్నమే పట్టింది గదన్నా? ఆయప్ప వచ్చింది పొద్దుగూకినాక."

"ఓహో, నువ్వు ఆ పక్క పార్టీనా?"

"నాకు పార్టీ యాడిదన్నా? ఎద్దు కావాల."

"నమ్మనోడి కాడికి నా ఎద్దు రాదు పో!"

ఇంతలో పై వీధి సుబ్బరత్నమ్మ, "ఆయప్ప ముందు కాలు పెట్టింది మా వీధిలో" అంది. "రెండుకాళ్ళూ మా వీధిలోనే పెట్టినాడు!" అని కింది వీధి బయమ్మ లేచింది. మాట పెరిగింది. చూస్తుండగానే ఈ వీధి ఎద్దును ఆ వీధి కాడి నుంచి విప్పుకుపోయారు. విత్తడానికి ఊళ్ళో జత అన్నది మిగల్లేదు.

అప్పుడే ఊరి బయట జీపు బురదలో కూరుకుపోయిందని కేక వినిపించింది. వానకు వంక పొంగి దారి తెగడంతో రాత్రి పక్క ఊళ్ళో ఆగిపోయిన నాయకుడే తిరిగి వస్తున్నాడు. అందరూ పరుగెత్తారు. ఒకరికొకరు అలవాటైన ఎద్దులే లాగగలవని గోవిందప్ప ఎద్దునూ పుల్లన్న ఎద్దునూ కాడికి కట్టి, మోకు వేసి జీపును గట్టెక్కించారు.

నాయకుడు తడిసిన చేలవంక ఆశగా చూశాడు. "మా ఊర్లో మూడేండ్లుగా చినుకు లేదు. మీరేం పూజ చేసినారప్పా?"

ఆయన వంగి పిడికెడు మన్ను తీసుకుని, కళ్ళకద్దుకుని, కండువా కొంగున ముడి వేసుకున్నాడు.

జీపు కదిలాక సుబ్బరత్నమ్మ మెల్లగా అంది: "పాపం, సొంతూర్లో ఆయప్ప కాలే పెట్టడేమో!"

మొదట నవ్వింది బయమ్మ.

గోవిందప్ప కాడి విప్పకుండా ఎద్దులను అటునుంచి అటే చేనికి మళ్ళించాడు. పుల్లన్న తల గోక్కుంటూ విత్తనాల గంప నెత్తికెత్తుకుని వెంట నడిచాడు.

ఆ మన్నుతో నాయకుడి ఊళ్ళో వాన పడిందో లేదో మాత్రం తెలియలేదు. కనుక్కునే తీరిక ఎవరికీ లేకపోయింది.