పెడల్ మాట వినని కుర్చీ

ఆ రోజు పొద్దున పళ్ళ డాక్టరమ్మ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదింటికి ఒకే ఒక్క పేషెంటు, ముందు పన్ను విరిగిన పెద్దమనిషి ఎవరో. అరగంటలో ఆయన పన్ను అతికించి పంపేసి, క్లినిక్‌కి తాళం వేసి, తమ్ముడిని వెంటబెట్టుకుని లాయరు దగ్గరికి వెళ్ళాలి. పన్నెండు లోపల ఆ లాయరు ఏదో ఒక దారి చూపించకపోతే, తమ్ముడు ఆరు నెలలు కూర్చుని రాసిన ప్రోగ్రామును తన చేత్తో తనే చెరిపేసుకోవాలి. కుర్చీ కంపెనీ నుంచి అలా అని నోటీసు వచ్చింది.

కుర్చీ అంటే పేషెంటు పడుకునే పళ్ళ కుర్చీ. పాతది ఇరవై ఏళ్ళు పనిచేసింది. కాలి కింద పెడల్ ఉండేది. ఒక వైపు నొక్కితే లేచేది, రెండో వైపు నొక్కితే దిగేది, ఎదురు మాట్లాడేది కాదు. నిరుడు డాక్టరమ్మ భర్త, అంటే క్లినిక్‌లో అపాయింట్‌మెంట్లు రాసే ఆయన, ఒక ఎగ్జిబిషన్‌లో కొత్త కుర్చీని చూసి మనసు పారేసుకుని, పాతదాన్ని ఇచ్చేసి దాన్ని తెచ్చాడు. కొత్తది తెర మీద వేలితో తాకితేనే కదులుతుంది. వేలికి గ్లవ్ ఉంటే గుర్తుపట్టదు. రోజంతా చేతులు ఇంకొకరి నోట్లో పెట్టుకునే మనిషి, కుర్చీని అంగుళం దించాలన్నా గ్లవ్ తీయాలి, తాకాలి, ఇంకో కొత్త గ్లవ్ వేసుకోవాలి. మొదటి రోజు ఒక్క పన్నుకి పదకొండు జతలు మార్చింది. పైగా ఆ కుర్చీ, కంపెనీ అమ్మిన గ్లాసులో తప్ప పుక్కిలించడానికి నీళ్ళు పోయదు. మరో గ్లాసు పెడితే "అపరిచిత పాత్ర" అంటుంది.

అక్క అవస్థ చూడలేక తమ్ముడు ఒక ప్రోగ్రాము రాశాడు. దానితో కుర్చీ మామూలు పెడల్ మాట వింటుంది, ఏ గ్లాసులోనైనా నీళ్ళు పోస్తుంది. అడిగినవాళ్ళకల్లా ఊరికే ఇచ్చాడు. నాలుగు వందల క్లినిక్కుల్లో డాక్టర్లు మళ్ళీ కాళ్ళు వాడడం మొదలుపెట్టారు. కుర్చీని ఇంకా బాగు చేయవచ్చంటూ కంపెనీకి తొమ్మిది ఉత్తరాలు కూడా రాశాడు. తొమ్మిదింటికీ కలిపి ఒకే జవాబు వచ్చింది, ఆ నోటీసు. తన కాలి సుఖం కోసం తమ్ముడు కేసులో ఇరుక్కున్నాడని డాక్టరమ్మకి రెండు రోజులుగా అన్నం సయించడం లేదు.

పెద్దమనిషి నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని సరిగ్గా తొమ్మిదింటికి వచ్చాడు. కోటు విప్పి కొక్కేనికి తగిలించాడు. కుర్చీని చూడగానే ఆయన కళ్ళు మెరిశాయి.

"మంచి కుర్చీ వాడుతున్నారే!" అన్నాడు, దాని చేతిని నిమురుతూ.

డాక్టరమ్మ పళ్ళు కొరికి, గ్లవ్స్ తొడుక్కుంది.

"పదకొండింటికి వెయ్యి మంది ముందు ప్రసంగించాలి డాక్టర్ గారూ. ఈ పన్ను లేకుండా స్టేజీ ఎక్కలేను. ఎలాగైనా మీరే కాపాడాలి."

తొమ్మిదిన్నరకల్లా పన్ను అతుక్కుంది. డాక్టరమ్మ ఆయన పళ్ళ మధ్య దూది పెట్టి, "గట్టిగా కరిచిపట్టుకోండి. గంటసేపు నోరు విప్పకూడదు. విప్పారంటే పన్ను ఊడి చేతికొస్తుంది, ఇవాళ్టికి మళ్ళీ అతకదు" అని చెప్పి, ఆయన్ని లేపడానికి పెడల్ నొక్కింది.

కుర్చీ లేవలేదు. "బయటి వస్తువు పట్టుబడింది" అంది తేనెలాంటి గొంతుతో. "మీ భద్రత కోసం కుర్చీ బిగించబడుతోంది." పక్క నుంచి ఒక అడ్డుపట్టీ వచ్చి పెద్దమనిషి పొట్ట మీద టక్కున పడింది. తలవైపు కిందికి దిగింది. కాళ్ళవైపు పైకి లేచింది. బూట్లు లైటును తాకేదాకా వెళ్ళి అక్కడ ఆగిపోయింది.

"ఏవండీ!" అని కేక పెట్టింది డాక్టరమ్మ.

భర్త పరిగెత్తుకొచ్చి, బూట్లతో మాట్లాడాలో మొహంతో మాట్లాడాలో తెలియక మధ్యలో నిలబడ్డాడు. "కంగారు పడకండి సార్. కంపెనీ సర్వీసు బ్రహ్మాండంగా ఉంటుంది" అని హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. సంగీతం మొదలైంది.

ఆ సంగీతం పన్నెండు నిమిషాలు నడిచింది. డాక్టరమ్మ పెద్దమనిషి తల కింద దిండు పెట్టి, నాడి చూసి, ఆయన పక్కనే స్టూలు వేసుకుంది. వినేవాడు దొరికేసరికి ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నదంతా ఆమె నోటి వెంట వరదలా వచ్చేసింది.

"ఈ కుర్చీ చేసినవాడు ఒక్కసారైనా ఒకరి నోట్లో చెయ్యి పెట్టి చూశాడా అండీ? గ్లాసుకి కూడా వీడి పర్మిషనా? మా తమ్ముడు బాగు చేస్తానని బతిమాలితే నోటీసు పంపిస్తాడా? ఆ సంతకం పెట్టినవాడు నా చేతికి చిక్కాలి, మత్తు ఇవ్వకుండా జ్ఞానదంతం పీకుతాను!"

పెద్దమనిషి మొహం ఎర్రబడి, తర్వాత తెల్లబడింది. తల్లకిందులుగా ఉన్నందువల్ల అనుకుంది డాక్టరమ్మ. ఆయన ఏదో చెప్పబోతే గడ్డం కింద చెయ్యి పెట్టి టక్కున మూసేసింది. "పన్ను జాగ్రత్త!"

హెల్ప్‌లైన్ అమ్మాయి పలికింది. "గుడ్ మార్నింగ్ అండీ. గ్లాసు కంపెనీదేనా?"

"గ్లాసు సంగతి తర్వాతమ్మా, ఇక్కడ మనిషి తల్లకిందులుగా ఉన్నాడు!"

"ఆ మనిషి మా దగ్గర రిజిస్టర్ అయ్యారా అండీ?"

"ఆయన పేషెంటమ్మా!"

"అయితే బయటి వస్తువు కిందికే వస్తారు. నిన్ననే కొత్త రూలు పెట్టారండీ. విప్పాలంటే మా పెద్దసారే అనుమతి ఇవ్వాలి."

"ఇమ్మని అడగండి మరి!"

"లైన్లోనే ఉండండి, సార్‌కి ఫోన్ చేస్తున్నాను."

అదే క్షణంలో కొక్కేనికి వేలాడుతున్న కోటు జేబులో ఫోన్ మోగింది. పెద్దమనిషి కాళ్ళు గిలగిలా కొట్టుకున్నాయి.

"పాపం, ఈ మోతకి ఆయనకి తలనొప్పిగా ఉన్నట్టుంది" అంటూ భర్త కోటును తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తలుపు మూశాడు.

"సార్ ఎత్తట్లేదండీ. ఇవాళ ఏదో సభలో బిజీగా ఉండుంటారు. ఈలోగా కుర్చీ దొంగతనం అయిందని దానంతటదే కంప్లైంట్ పెట్టుకుంది. మా మనుషులు బయల్దేరారు. మీకు ఇంకేమైనా సాయం కావాలా?"

పెద్దమనిషి బీరువాని చూపించాడు, తన గుండెల మీద తట్టుకున్నాడు, కుర్చీని చూపించాడు. భర్త జాలిగా తలూపాడు. "చలేస్తోందట" అని కోటు తెచ్చి ఆయన కాళ్ళ మీద కప్పాడు. అది జారి జారి వచ్చి ఆయన మొహాన్ని కప్పేసింది.

అంతలో లాయరు దగ్గరికి బయల్దేరదామని లాప్‌టాప్ చంకన పెట్టుకుని తమ్ముడు వచ్చాడు. వాడి వెనకే యూనిఫాం వేసుకున్న ఇద్దరు మనుషులు తోపుడు బండితో దిగారు.

"దొంగ కుర్చీ ఇదేనాండీ?" అన్నాడు లావుపాటివాడు.

"అందులో మనిషున్నాడయ్యా!" అంది డాక్టరమ్మ.

సన్నపాటివాడు ఫోన్‌లో ఆర్డరు చూసుకున్నాడు. "మనిషి గురించి ఏం రాయలేదమ్మా. కుర్చీకి బిగించి ఉన్నవన్నీ తెమ్మన్నారు." ఇద్దరూ చెరో పక్క పట్టుకుని నేలకి బిగించిన బోల్టులు విప్పడం మొదలుపెట్టారు.

"ఒరేయ్ తమ్ముడూ, చూస్తావేంట్రా? ఏదో ఒకటి చెయ్యి!"

"రెండు నిమిషాల పనక్కా. కానీ మళ్ళీ ముట్టుకుంటే జైలే అని నోటీసులో రాశారు. సంతకం పెట్టినాయన రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప నేను చెయ్యి వెయ్యను."

కోటు కింద నుంచి పెద్ద మూలుగు వినిపించింది. ఒక చెయ్యి బయటికొచ్చి గాల్లో రాస్తున్నట్టు ఆడింది. భర్త పెన్ను ఇచ్చి, చేతికందిన కాగితం పెట్టాడు. అది క్లినిక్ అభిప్రాయ పత్రం. "నచ్చితే ఐదు నక్షత్రాలు సార్" అని గుర్తుచేశాడు.

పెద్దమనిషి నక్షత్రాల జోలికి పోలేదు. "ఆ సంతకం నాదే" అని రాశాడు.

లావుపాటివాడు కోటు పక్కకి తప్పించి, తన తలని కూడా కిందికి వంచి చూశాడు. "అవున్రా, మన పెద్దసారే! లిఫ్టులో నిటారుగా ఉంటారు కాబట్టి గుర్తుపట్టలేదు." డాక్టరమ్మకి జ్ఞానదంతం మాట గుర్తొచ్చింది. ఒక్క క్షణం సిగ్గేసింది, మరుక్షణమే ప్రాణం హాయిగా అనిపించింది. చెప్పాల్సినవాడికే చెప్పేసింది, ఇక ఉత్తరం రాయక్కర్లేదు.

పెద్దమనిషి తల్లకిందులుగానే అనుమతి రాసి సంతకం పెట్టాడు. తమ్ముడు నోటీసు బయటికి తీసి, తిరగేసి పట్టుకుని, రెండు సంతకాలూ పోల్చి చూసి, "సరిపోయిందక్కా" అన్నాడు. లాప్‌టాప్ తగిలించి ఏదో టకటకా కొట్టి, పెడల్‌ని అక్క కాలి దగ్గరికి జరిపాడు.

డాక్టరమ్మ నొక్కింది. కుర్చీ బుద్ధిగా దిగింది. పట్టీ ఊడింది. "మీ అనుభవం ఎలా ఉంది?" అని అడిగింది కుర్చీ.

గడియారం పదీ పదిహేను చూపిస్తోంది. నోరు విప్పడానికి ఇంకా పావుగంట ఉంది. పెద్దమనిషి తమ్ముడిని కౌగలించుకున్నాడు. డాక్టరమ్మ చేతులు కళ్ళకి అద్దుకున్నాడు. వెళ్ళేముందు అభిప్రాయ పత్రం వెనక, "పెడల్ ఉంటుంది. నోటీసు చించేయండి" అని రాసి ఇచ్చాడు. తమ్ముడు నోటీసును ముక్కలు ముక్కలు చేస్తుంటే డాక్టరమ్మకి కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఆ పూట ఆమె రెండు రోజుల అన్నం ఒకేసారి తింది.

సాయంత్రం వార్తల్లో ఆయన ప్రసంగం చూపించారు. "మా కుర్చీలో కూర్చున్నవాళ్ళు మమ్మల్ని వదిలి లేచి వెళ్ళిపోవడం నేనింతవరకు చూడలేదు" అన్నాడు. వెయ్యి మంది చప్పట్లు కొట్టారు. అతికించిన పన్ను తళతళా మెరిసింది.

నెల తర్వాత కంపెనీ నుంచి పార్శిలు వచ్చింది. పైన ఉత్తరం. "ఆ రోజు మీరు చెప్పినదంతా నోరు మెదపకుండా విన్నాను. మీ కష్టం చూసి మా కంపెనీ సొంతంగా పెడల్ కనిపెట్టింది. ఇకపై వేరే పెడల్స్‌తో పని లేదు." పెట్టెలో నల్లగా నిగనిగలాడే పెడల్ ఉంది, దాని పక్కనే ఒక జత చెప్పులు ఉన్నాయి.

డాక్టరమ్మ తన పాత చెప్పులతోనే పెడల్ నొక్కింది.

"అపరిచిత పాదం" అంది కుర్చీ.

ఆమె కంపెనీ చెప్పులు తొడుక్కోబోయింది. రెండు సైజులు చిన్నవి.

తమ్ముడు టేపు తీసుకొచ్చి, నేల మీద కూర్చుని, అక్క కాలి కొలత తీసుకోవడం మొదలుపెట్టాడు.