వజ్ర సభ్యుడు కుళ్లాయప్పగారు

వజ్ర సభ్యులందరూ ఆదివారం సాయంత్రంలోగా కనీసం ఒక పూట ఆటలో కూర్చొని తమ విధేయతను నిరూపించుకోవలెననీ, లేనియెడల వెండి సభ్యులుగా పరిగణింపబడుదురనీ శ్రీ లక్ష్మీకటాక్ష వినోద సాంస్కృతిక సంఘం వారి ప్రకటన శనివారం సాయంత్రం కుళ్లాయప్ప ఫోనుకు వచ్చింది. అదే సాయంత్రం వాన కూడా వచ్చింది. రెండింటిలో ఏది ముఖ్యమో తెలియనంత అమాయకుడు కాడు కుళ్లాయప్ప. ఫోను తడవకుండా తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

సదరు సంఘం విడపనకల్లు మీదుగా కర్ణాటక సరిహద్దు దాటి కాస్త పోతే కనిపిస్తుంది. అక్కడ వినోదమంటే పేకాట. సంస్కృతి అన్నా పేకాటే. గెలిచినవాణ్ణి గౌరవించే దురలవాటు సంఘానికి లేదు. గెలిచినవాడు మళ్లీ వస్తాడో రాడో ఎవరికి తెలుసు? ఓడినవాడే నిలకడైన మనిషి. కాబట్టి హోదాలన్నీ వాడికే. కుళ్లాయప్పకు ఎడ్లజత పోయిననాడు వెండి కార్డు ఇచ్చారు. బోరు మోటారు పోయిననాడు బంగారు కార్డు ఇచ్చారు. బోరున్న చేను మొత్తంగా పోయిననాడు వజ్రమే ఇచ్చారు. ఇంత క్రమబద్ధంగా పైకి వచ్చిన రైతు ఆ చుట్టుపక్కల మరొకడు లేడు.

హోదా పెరిగేకొద్దీ మర్యాదలు కూడా మారుతూ వచ్చాయి. వెండి రోజుల్లో జీపు ఇంటి ముందుకే వచ్చేది, మధ్యాహ్నం పొట్టేలు బిర్యానీ పెట్టేవారు. బంగారు రోజుల్లో జీపు రోడ్డు దాకా వచ్చింది, ఉగ్గాని బజ్జీ పెట్టారు. వజ్రం వచ్చాక నడక మంచిదని జీపు మాన్పించారు, కొవ్వు చెడ్డదని తిండి మాన్పించి అర గ్లాసు టీ ఖాయం చేశారు. కుర్చీలకు వీపు ఊడదీయించింది కూడా సభ్యులు కునుకు తీసి నష్టపోకూడదనే. ప్రతి ఆటలోనూ సంఘం తీసుకునే వాటా మాత్రం రెండింతలైంది. ఇన్ని మర్యాదలు చేయాలంటే ఖర్చు కాదూ మరి!

కుళ్లాయప్ప వెర్రివాడని మీరనుకుంటే తొందరపడినట్టే. యాభై రెండేళ్ల బతుకులో అతణ్ణి 'గారు' అన్నవాడు లేడు. బ్యాంకులో 'ఏయ్, పక్కకు జరుగు' అన్నారు. విత్తనాల దగ్గర 'వరసలో నిలబడ్రా' అన్నారు. టీ బంకు దగ్గర ఊళ్లోవాళ్లు బెంచీ మీద కాళ్లు చాపుకొనే మాట్లాడారు. సంఘం మేనేజరు శ్రీనివాసులు ఒక్కడే లేచి నిలబడి, 'కుళ్లాయప్పగారూ, దయచేయండి' అన్నాడు. ఆ మాట విన్నప్పుడల్లా కుళ్లాయప్ప చొక్కా సర్దుకొని మరీ కూర్చునేవాడు. ఆ పిలుపు పోతుందంటే ఎవడు ఓర్చుకోగలడు చెప్పండి!

ఆదివారం తెల్లవారేసరికి వాన తడికి నేల విత్తడానికి చక్కటి పదును మీద ఉంది. మిగిలిన మూడెకరాలకు సరిపడా రాయితీ విత్తనం, ఐదు మూటల వేరుసెనగ బుడ్డలు, ఇంట్లో ఉన్నాయి. ఎడ్లు లేవు కాబట్టి అతని భార్య ఓబమ్మ పక్కచేను లింగప్పను విత్తే గొర్రు కట్టమని పిలిచి వచ్చింది. వచ్చేసరికి మూటలు ఆటోలోకి ఎక్కుతున్నాయి.

"యాడికి తీసుకపోతాండావు?" అంది ఓబమ్మ.

"సంఘానికి. ఈ పొద్దు పోకుంటే వజ్రం తీసేస్తారంట."

"పదును రెండు దినాలుంటే గొప్ప. మళ్లా వాన ఎప్పుడొస్తాదో ఏమో. ఆ బుడ్డలు పోతే విత్తేకి ఏముండాది మనకు?"

"చేను యాడికీ పోదులే. హోదా పోతే మళ్లా రాదు."

"మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనెంట," అంది ఓబమ్మ. ఆటో కదిలింది. ఆమె కొంతదూరం వెంట నడిచి ఆగిపోయింది.

సంఘం రైతు పక్షపాతి కాబట్టి విత్తనాన్ని కూడా పందెంగా స్వీకరించింది. మూటలు దించేముందు శ్రీనివాసులు గుప్పెడు కాయలు ఒలిచి నోట్లో వేసుకొని, విత్తనం మేలైనదని ధ్రువీకరించాడు. మధ్యాహ్నానికి ఐదు మూటలూ సంఘానివయ్యాయి. వెంటనే సన్మానసభ జరిగింది.

"కుళ్లాయప్పగారి వంటి వారే మన సంఘానికి పునాది," అన్నాడు శ్రీనివాసులు. "చాలామంది ఓడిపోతే రావడం మానేస్తారు. ఈయన ఎద్దులు పోయినా వచ్చినారు, చేను పోయినా వచ్చినారు. ఈ పొద్దు పదును కూడా కాదని వచ్చినారు. ఇట్లాంటి విధేయత మనం పెండ్లాం బిడ్డల్లో కూడా చూడలేము."

అందరూ చప్పట్లు కొట్టారు. శాలువా కప్పి, కొత్త వజ్ర కార్డు చేతికిచ్చి ఫోటో తీశారు. మరునాడు ఇంకో వజ్రానికి సన్మానం ఉందని శాలువా వెనక్కి తీసుకున్నారు. పాలు విరిగినందున ఆ పూట టీ లేదన్నారు. కుళ్లాయప్ప కొత్త కార్డు చొక్కా జేబులో, పైకి కనిపించేలా పెట్టుకొని నడిచి వచ్చాడు. దారి పొడుగునా చేలల్లో విత్తే గొర్రులు సాగుతున్నాయి.

అతని చేను గట్టు మీద ఓబమ్మ ఖాళీ గంప ఒళ్లో పెట్టుకొని కూర్చొని ఉంది. పొద్దున కట్టిన ఎడ్లను విప్పకుండా లింగప్ప ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

"ఏమిచ్చినారు?" అంది ఓబమ్మ.

కుళ్లాయప్ప కార్డు తీసి చూపించాడు. ఆమె ముట్టుకోలేదు. గంప గట్టు మీద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని తల వంచుకుంది. అప్పుడు కుళ్లాయప్పకు మొదటిసారి భయం వేసింది. చేతిలోని కార్డును ఏం చేయాలో తోచలేదు. పారేద్దామని చెయ్యెత్తాడు కూడా.

ఇంతలో లింగప్ప దగ్గరికి వచ్చాడు. చిన్నప్పటి నుంచి 'రేయ్ కుళ్లాయి' అనే తప్ప వేరే పిలుపు ఎరగని లింగప్ప, తలపాగా విప్పి భుజాన వేసుకున్నాడు.

"కుళ్లాయప్పగారూ," అన్నాడు మెల్లగా. "ఎడ్లజతకు ఇప్పుడు కూడా వెండే ఇస్తాండారా, లేకుంటే అదీ తగ్గిచ్చినారా?"

కుళ్లాయప్ప కార్డును జేబులో పెట్టుకొని, లింగప్ప భుజం మీద చెయ్యి వేసి, అన్నీ వివరంగా చెప్పసాగాడు.