కొత్తవారికి మాత్రమే వర్తించు క్షయ

"ఇకమీదట మన రాష్ట్రంలో జబ్బుపడే హక్కు రోగులకు మాత్రమే ఉంటుంది!" అని కోరుట్ల సభలో మంత్రిగారు ప్రకటించగానే చప్పట్లు మోగాయి. సభకు వచ్చినవాళ్లలో ముప్పాతిక మంది బందోబస్తు పోలీసులే కావడం వల్ల ఆ చప్పట్లు ఒకే లెక్కన, క్రమశిక్షణతో పడ్డాయి. అడవిలో అన్నలు, రోడ్డు మీద పోలీసు జీపులు తిరిగే ఆ రోజుల్లో ఒక మంత్రి ఇంత దూరం రావడమే గొప్ప. వచ్చి ఆయన ఊపిరితిత్తుల గురించి మాట్లాడారు.

పథకం చాలా మంచిది. వైద్యశాఖలో కొత్తగా చేరే ప్రతి ఒక్కరూ టీకాలు వేయించుకోవాలి, తమకు క్షయ లేదని నిరూపించుకోవాలి, ఆ తర్వాతే రోగిని ముట్టుకోవాలి. ఇందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. అందుకే దాన్ని అమలు చేసేవాళ్లు అంత కష్టపడవలసి వచ్చింది.

పరీక్షల కేంద్రం తమ ఊళ్లో పెట్టాలంటే తమ ఊళ్లో పెట్టాలని ముగ్గురు నాయకులు పట్టుబట్టారు. మంత్రిగారు ఎవరి మనసూ నొప్పించే మనిషి కాదు. టీకాలు జగిత్యాలలో, తెమడ పరీక్ష కోరుట్లలో, సంతకం సిరిసిల్లలో అని పంచేశారు.

ఈ మూడు ఊళ్లనూ చుట్టే అదృష్టం మొట్టమొదట జమునకు దక్కింది.

జమున సిరిసిల్లలో మరమగ్గం నడిపే దశరథం కూతురు. నర్సు ట్రైనింగు ముగించి, చందుర్తి అవతల ఒక ఊరి ఉపకేంద్రానికి ఆర్డరు తెచ్చుకుంది. ఆ ఉపకేంద్రానికి రెండేళ్లుగా తాళం. అంతకు ముందు వేసిన ముగ్గురూ అడవి దగ్గరని భయపడి, ఊరి ముఖం చూడకుండానే బదిలీ చేయించుకున్నారు. జమున మాత్రం పోతానంది. సూదిమందు వేసే దిక్కులేక చనిపోయిన తమ్ముడొకడు ఆమెకు ఉండేవాడు. ఆ ఊరికి పోవడానికి ఆమెకు అంతకంటే కారణం అక్కర్లేకపోయింది. ముప్పై రోజుల్లో చేరకపోతే ఆర్డరు రద్దు.

జగిత్యాల కేంద్రంలో టీకాల గుమాస్తా భూమన్న కళ్లద్దాలు సర్దుకొని, "చిన్నప్పుడు టీకా ఏసిన్రనడానికి రుజువేంది?" అని అడిగాడు.

జమున జబ్బ మీద మచ్చ చూపించింది.

"గిది మచ్చ. కాయిదం కాదు."

"టీకా మచ్చే సార్."

"మచ్చ మీద తారీకున్నదా?"

వెంట వచ్చిన తల్లి ఎల్లవ్వకు కోపం వచ్చింది. "నేనే సంకల ఎత్తుకపోయి ఏయించిన సారూ! మూడొద్దులు ఒకటే ఏడ్పు."

భూమన్న ముఖం వికసించింది. 'అభ్యర్థిని మూడు రోజులు ఏడ్చినట్లు తల్లి సాక్ష్యం' అని రాసుకుని, పాత టీకాను ఆమోదించి, కొత్తగా రెండు సూదులు వేయించి పంపించాడు. ఇంత న్యాయంగా పనిచేసే గుమాస్తా జిల్లాలో మరొకడు లేడని అందరూ అనేవారు.

కోరుట్ల కేంద్రానికి అధికారి డాక్టర్ దేవదాస్. ఆయన కింద ఐలయ్య అనే ముసలి అటెండరు. డబ్బీ ఇచ్చి, తెమడ తెమ్మన్నారు. జమున గోడ చాటుకు పోయి దగ్గింది. కడుపు పట్టుకుని దగ్గింది. డాక్టరుగారు డబ్బీలోకి తొంగిచూసి పెదవి విరిచారు.

"ఇది ఉమ్మి. తెమడ కాదు."

"నాకు తెమడ లేదు సార్. నాకు ఏ రోగం లేదు."

"రోగం లేదని ఎట్ల తెలుస్తదమ్మా? తెమడ చూస్తే తెలుస్తది. తెమడే లేకుంటే రోగం లేదని నేను ఎట్ల రాయాలె?"

దీనికి జవాబు జమునకు ట్రైనింగులో నేర్పలేదు. ఆమె నాలుగు రోజులు సిరిసిల్ల నుంచి బస్సులో వచ్చి దగ్గింది. మధ్యలో రెండు రోజులు అన్నల బంద్. అవి ఇంట్లోనే దగ్గింది. గడువు ఇక ఒక్కరోజు మిగిలింది. గోడ పక్కన కూర్చుని కళ్లు తుడుచుకుంటుంటే ఐలయ్య చూశాడు. చూస్తూనే వంగిపోయి, రెండు నిమిషాల పాటు దగ్గాడు.

"ఆ డబ్బీ ఇటియ్యి బిడ్డా. నా దగ్గర మస్తుగున్నది."

"వద్దు కాకా. ఎన్ని నెలల సంది దగ్గుతున్నవు నువ్వు?"

"నాలుగైదు నెలలాయె."

"మరి పరీక్ష చేయించుకోవా? మిషను నీ పక్కనే ఉండె గదా!"

"నాకెందుకు? నేను ఇరవై ఏండ్ల సర్వీసు. ఆర్డరు కొత్తోళ్లకే."

జమున నర్సు. ఆ దగ్గేమిటో ఆమెకు తెలుసు. ఐలయ్య నింపి తెచ్చిన డబ్బీని పారబోయాలనే అనుకుంది. కానీ రేపటితో గడువు సరి; డబ్బీలో తెమడంటూ ఉంటే డాక్టరుగారు సరిగా చూడకుండానే రాసేస్తారేమోనని ఆశపడింది. డబ్బీ తీసుకుపోయి బల్ల మీద పెట్టింది. ఆ తర్వాత చాలా రోజుల వరకు ఆ చేతిని ఎన్నిసార్లు కడిగినా ఆమెకు తృప్తి కలగలేదు.

మర్నాడు దేవదాస్‌గారు కుర్చీలోంచి లేచి ఎదురొచ్చారు. "కంగ్రాట్స్ అమ్మా! పాజిటివ్! పథకం పెట్టి నెల కాలేదు, అప్పుడే కేసు దొరికింది. మంత్రిగారికి ఫోన్ చేసిన. ఎంత సంతోషపడ్డరో!"

జమున ఆ తెమడ తనది కాదంది. ఉన్నదున్నట్టు చెప్పేసింది. డాక్టరుగారు పోయి తలుపు వేసి వచ్చారు.

"ఐలయ్యదంటవా? ఐలయ్య పర్మనెంట్. పర్మనెంటోళ్ల తెమడ చూసే అధికారం నాకు లేదు. చూసినట్టు తేలితే నా మీద ఎంక్వైరీ, వాని మీద సస్పెన్షన్, నీ మీద చీటింగ్ కేసు. ముగ్గురం పోతం. అదే నీదనుకో, ఎవలికీ నష్టం లేదు."

"నాకు నౌకరి పోతది గదా సార్!"

"పోదు. నయమయ్యేదాక పక్కకు పెడ్తరు. ఆరు నెలలు మందులు ఫ్రీ."

మందులు సిరిసిల్ల సంతకాల ఆఫీసులో జమున పేరు మీద నెలనెలా ఇచ్చారు. మొదటి నెల ఆమె వాటిని చూసి ఏడ్చింది. తరువాత సంచిలో వేసుకుని కోరుట్లలో ఐలయ్య ఇంటికి పోయింది. ఐలయ్య భార్య పోచవ్వ పీట వేసింది. ఐలయ్య గోలీల వైపు అనుమానంగా చూశాడు.

"మింగు కాకా. నీ రోగం నా పేరు మీదున్నది. నీకు నయం కాకపోతే నాకు కాదు."

"ఆయన మింగకపోతే నేను మింగిస్త బిడ్డా. ముక్కు మూసి పోస్త" అంది పోచవ్వ.

మూడో నెల, మేడిపల్లి దగ్గర పోలీసులు బస్సు ఆపారు. జమున సంచిలో నెలకు సరిపడా గోలీలు దొరికేసరికి ఎస్సైగారి మీసం లేచింది.

"ఎవలికి తీస్కపోతున్నవ్? అడవిల అన్నలకా?"

"నాకే సార్. నాకు టీబీ." చీటీ చూపించింది. ఇలాంటి సంచులతో దిగి మళ్లీ బస్సెక్కనివాళ్ల గురించి ఆమె విని ఉంది.

"టీబీ అయితే దగ్గు మరి."

జమునకు దగ్గు రాలేదు. అంతలో వెనక సీట్లో ఒకాయన దగ్గాడు. అతని పక్కన ఇంకొకాయన. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, దుమ్ము మింగి మింగి ఉన్న సిరిసిల్ల కార్మికులు పదిమంది దాకా ఉన్నారు. ఒకరు మొదలుపెడితే మిగతావాళ్లకు ఆగలేదు. బస్సంతా దగ్గింది.

ఎస్సైగారు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగారు. "ఈమె దగ్గది, ఈమెకు టీబీ. మరి వీళ్లకేంది?"

కండక్టరు చేతులు కట్టుకుని, "వీళ్లకేం లేదు సార్. వీళ్లకు పరీక్ష చెయ్యలే" అన్నాడు.

బస్సును వెంటనే పోనిచ్చారు.

ఆ ఆరు నెలల్లో చందుర్తి అవతలి ఊరి సర్పంచి ఆగయ్య సిరిసిల్లకు నాలుగుసార్లు వచ్చాడు. వచ్చినప్పుడల్లా దశరథం ఇంటి ముందు నిలబడి, "నర్సమ్మకు ఇంక నయం కాలేదా?" అని అడిగేవాడు. జమున తల వంచుకుని లేదనేది. ఊళ్లో ఎవరికి ఏమైందో ఆయన చెప్పబోతే లోపలికి వెళ్లిపోయేది.

ఐలయ్యకు నయమైంది. ముఖం నిండింది, మెట్లు గబగబ ఎక్కసాగాడు. దాంతో జమునకు కూడా నయమైనట్లు దేవదాస్‌గారు రాశారు.

సిరిసిల్లలో విజయోత్సవ సభ పెట్టారు. మంత్రిగారు జమునకు ఆరోగ్య పత్రం ఇచ్చి ఫోటో దిగారు. క్షయ కేసును పట్టుకోవడంలో చూపిన చొరవకు ఉత్తమ ఉద్యోగిగా ఐలయ్యకు శాలువా కప్పారు. ఐలయ్య శాలువా కింద నుంచి జమున వైపు చూశాడు కానీ కళ్లు కలపలేకపోయాడు.

"ఇప్పుడు అతి ముఖ్యమైన ప్రకటన!" అన్నారు మంత్రిగారు. "గత ఆరు నెలలలో జిల్లా రికార్డుల్లో ఒక్క జ్వరం, ఒక్క దగ్గు కూడా నమోదు కాని ఊరు ఒక్కటే ఉంది. అది ఆదర్శ ఆరోగ్య గ్రామం. అంత ఆరోగ్యంగా ఉన్న ఊరికి నర్సును పంపి ఆ ప్రజలను అవమానించడం మా ప్రభుత్వానికి ఇష్టం లేదు. అక్కడి ఉపకేంద్రాన్ని ఎత్తివేస్తున్నాం. ఆగయ్యగారు వేదిక మీదకు రావాలి!"

జమున చేతిలోని పత్రం ఒకసారి చదువుకుంది. దాని మీద ఆమె ఆరోగ్యవంతురాలని ఉంది. ఏ ఊరి పేరూ లేదు.

మంత్రి వస్తే డాక్టర్లు కూడా వస్తారనుకుని, ఆగయ్య ట్రాక్టరు కట్టించుకుని వచ్చాడు. ట్రాలీ నిండా దుప్పట్లు కప్పుకున్న మనుషులు. ఒక తల్లి ఒళ్లో పసిపిల్ల కోరింత దగ్గుతో నీలమై, ఊపిరి అందక మెలికలు తిరుగుతోంది. ఆగయ్య వేదిక ఎక్కి, పెద్ద షీల్డు అందుకుని, ఏమనాలో తెలియక మైకుకు దండం పెట్టి దిగివచ్చాడు. చప్పట్లు మళ్లీ క్రమశిక్షణతో పడ్డాయి.

జమున అప్పటికే ట్రాలీ దగ్గర ఉంది. పసిపిల్లను భుజాన వేసుకుని వీపు నిమురుతోంది. పిల్లకు ఊపిరి తిరిగింది. ఆగయ్య షీల్డును ట్రాలీలో ఉన్న వడ్ల బస్తా మీద బోర్లా పెట్టి, ఆమె వైపు చూశాడు.

"మా ఊరికొస్తవా బిడ్డా?"

"నాకు ఆర్డర్ లేదు పెదనాయినా."

"మాకు రోగాలున్నట్టు గూడ ఆర్డర్ లేదు. ఎక్కు."